ఉపదేశిగారి కంటి చుక్కలు

1938 జూన్ 6, సోమవారం
మొన్న పట్నం దవాఖానకు పోయి వచ్చాను. నాకు నీటికాసులట. రెండు కళ్లలోనూ ఒత్తిడి పెరిగిందట. డాక్టరు చేతిలో సీసా పెట్టి, “ఏసోబూ, మూడు పూటలు ఒక్కొక్క సుక్క ఎయ్యాలె. పోయిన సూపు మళ్ల రాదు. ఉన్నది పోకుంట కాపాడుతది. బతికినన్ని దినాలు ఎయ్యాలె” అన్నాడు.

నాకు మళ్లీ చెప్పాలా! చిట్యాల చుట్టుపక్కల పల్లెల్లో ఇరవై ఏళ్లుగా బైబిలు చదివి వినిపిస్తున్న ఉపదేశిని. కళ్లు పోతే ఆ చదువే పోతుంది. అందుకే శపథం: ఒక్క పూట తప్పినా నేను ఏసోబును కాను.

ఉదయం 6: చుక్క సరిగ్గా పడింది. దేవునికి స్తోత్రం!
మధ్యాహ్నం 12: ముక్కు మీద పడింది. మళ్లీ వేశాను.
సాయంత్రం 6: మూడు చుక్కలు. ఎక్కువ వేస్తే తొందరగా నయమవుతుంది కదా!

జూన్ 8, బుధవారం
కనుబొమల దగ్గర నొప్పి. చూపు మసక. మందు వేయకముందే బాగుండేది!

నా భార్య జానమ్మ ఊరుకోదు. “డాక్టరు రెండు కండ్లల్ల ఎయ్యమన్నడు గదా. ఒక్క కంట్లనే ఏస్తవేంది?”

నొచ్చేది కుడికన్ను. కుడికాలికి ముల్లు గుచ్చుకుంటే ఎడమకాలికి కట్టు కడతారా? ఆడవాళ్లకు ఏం చెప్పగలం!

జూన్ 11, శనివారం
రేపు ఆరాధన. మసకలో వాక్యం తప్పు చదివితే పాపం. రెండు రోజులు మందు బంద్. దేవుని పని కోసమే మానాను.

జూన్ 15, బుధవారం
బంద్ ఇంకా ఎత్తెయ్యలేదు. చీమల్లాంటి అక్షరాలు కూడా తేటగా చదివాను. అంటే నయమైనట్టే! సీసాలో మిగిలిన మందు పక్కింటి ఎల్లస్వామికిచ్చాను. పాపం, కళ్లకలక.
సాయంత్రం: ద్వారబంధం ఎడమ భుజానికి తగిలింది. మేస్త్రి వంకరగా పెట్టాడని పదేళ్లకు తెలిసింది.

జూన్ 19, ఆదివారం
ప్రార్థన గుడికి ఆడవాళ్లు ఒక్కరూ రాలేదు! నా కుడివైపు మగవాళ్లు, ఎడమవైపు ఆడవాళ్లు కూర్చోవడం మా పద్ధతి. పుస్తకం మీది నుంచి కళ్లెత్తితే ఎడమవైపు ఎవరూ లేరు. పాట మాత్రం గట్టిగానే వినిపించింది. మగవాళ్లు గొంతులు సన్నం చేసి పాడినట్టున్నారు.
జానమ్మ నాకంటే ముందే బయలుదేరింది. ఎటు పోయిందో! అడగను. అడిగితే నాకే చిన్నతనం.
మందు వేశాక మసకైందని ఎల్లస్వామి నన్ను తిడుతున్నాడట. మంచికి రోజులు కావు.

జూన్ 26, ఆదివారం
ఈ వారమూ అంతే. ఇక ఊరుకోలేదు. “మీ ఇండ్లల్ల ఆడోళ్లు ఏడున్నరు? కూలికి పోనీకి కాళ్లొస్తయ్, గుడికి రానీకి రావా?” అని అరగంట దులిపాను. మగవాళ్లు నోళ్లు తెరిచి చూశారు. బాగా తగిలిందనుకున్నాను.

అప్పుడు ఎడమవైపు నుంచి జానమ్మ గొంతు. “ఏమయ్యా! నలపై మందిమి నీ ముంగటనే కూసున్నం. మేం మనుషులం గాదా?”

గుడంతా నవ్వు. తల పూర్తిగా తిప్పి చూశాను. అందరూ ఉన్నారు. పోయిన వారమూ ఉన్నారట. భయమేసింది.

జూన్ 29, బుధవారం
మళ్లీ దవాఖాన. రెండు కళ్లకూ ఎడమవైపు పక్కచూపు పోయిందట. “నడుమ సూపు ఆఖరుకు పోతది. సదువుతున్న గదా అని మోసపోయినవ్” అన్నాడు డాక్టరు. పోయింది మళ్లీ వస్తుందా అని అడిగాను. మొదటి రోజే చెప్పానన్నాడు. నిజమే. విన్నాను, నాకిష్టమైనట్టు విన్నాను.

దారిలో జానమ్మతో, ఇకమీదట ఆడవాళ్లను కుడివైపు కూర్చోబెడదామన్నాను.
“అప్పుడు మగోళ్లను తిడతవా?” అంది.

జూలై 1, శుక్రవారం
శపథం. మొదటి రోజు. రెండు కళ్లకూ, ఒక్కొక్క చుక్కే. బతికినన్నాళ్లు. సీసా జానమ్మ దగ్గరే.
ఉదయం 6: వేయించుకున్నాను. నొప్పి. ఉండనీ.
మధ్యాహ్నం 12: వేయించుకున్నాను. మసక. ఉండనీ.
సాయంత్రం 6: చుక్కలు పడ్డాయి. కాసేపు మూసి, కళ్లు తెరిచాను. ఎదురుగా ఎవరూ లేరు.
“జానమ్మా, పోయినవా?”
“ఏడికి పోత? నీ పక్కనే ఉన్న.”
తల ఎడమకు తిప్పి చూశాను. ఉంది.