కొట్టంల వంద బల్బు

దేవరకొండ,
ఆదివారం పొద్దుగాల.

భాగ్యకు,

నువ్వు, చిన్నది పైలంగున్నరని నీ చీటీ చదివి మనసు నిమ్మళమైంది. నేను గూడ మంచిగున్న అని రాస్తె సగం అబద్ధమే. పానానికైతే ఏం కాలేదు. తింటున్నవా అని అడిగినవు, తింటున్న. నువ్వు పంపిన చింతకాయ తొక్కు అడుగంటింది. చిన్నదాని దగ్గు తగ్గకపోతే దవాఖానకు తీస్కపో, నేనొచ్చేదాక ఆగకు.

ఫోన్ జేస్తె ఊఁ కొట్టుడే తప్ప మాట్లాడ్తలెవ్వు, నామీద కోపమా అని రాసినవు. నీమీద నాకేం కోపం, పిచ్చిదానా. నీ గొంతు ఇన్నంక ఇది చెప్పుడు నాతోని గాదు. అందుకే కాయితం పట్టిన.

పోయిన శనివారం పదో తరగతికి కరెంటు పాఠం మొదలుపెట్టిన. ఒకే తీగ మీద రెండు బల్బులు ఒకదాని ఎన్క ఒకటి ఎట్ల కట్టాల్నో బోర్డు మీద గీసిన. ఏ బల్బు ఎంత పవర్ తింటదో సోమవారం చూద్దాం అన్న. మల్లిక లేచింది. గొర్లకాపరి పరశురాములు బిడ్డ, మస్తు హుషారు. "సారూ, వంద వాట్ల బల్బుకు సన్న జీరో బల్బు గిట్ల కడితే రెండూ మంచిగ వెలుగుతయా?" అన్నది. నేను అప్పటికే సంచి భుజానికేస్కున్న. ఇంటికొచ్చే జడ్చర్ల బస్సు పోతదని ఫికరు. "ఆఁ, వెలుగుతయ్ తియ్" అన్న.

వెలగవు భాగ్యా. గట్ల కడితే జీరో బల్బే పవరంత గుంజుకుంటది. వంద బల్బు సల్లగ పేరుకే ఉంటది. నా నోట్ల మన్నువడ, గా ముక్క చెప్పనీకి ఎంతసేపు.

మల్లికోళ్ల గొర్ల కొట్టం లోపలి మూలకు కొత్తగ పుట్టిన గొర్రెపిల్లలకు వెచ్చగుండాలని వంద బల్బు ఏలాడదీస్తరు. చీకట్ల ముసలవ్వ బీరమ్మ కాలు తట్టుకుంటాందని, మల్లిక గా శనివారం మాపటికి ఆ తీగకే దర్వాజ కాడ జీరో బల్బు కట్టింది. అప్పుడు కరెంటు లేదు. కరెంటొచ్చినంక దర్వాజ కాడి వెలుతురు చూసి అందరు పండుకున్నరు. లోపలికి ఎవ్వరు పోలే. తెల్లారేసరికి సలికి రెండు గొర్రెపిల్లలు బిగుసుకపోయి సచ్చినయ్.

సోమవారం మల్లిక బడికి రాకపోతే ఇంటికి పోయిన. వాకిట్ల వాడకట్టంత ఉన్నది. "గిట్ల కట్టుమని నువ్వే చెప్పినవా సారూ?" అని బీరమ్మ అడిగింది. ఇగ చదివి నన్ను తిట్టు. "ఆ పాఠం ఇంకా చెప్పనేలేదవ్వా, పిల్లే తొందరపడ్డది" అన్న. మల్లిక నా దిక్కు ఒక్కసారి చూసి తల కిందికేసుకుంది. బీరమ్మ దాన్ని రెక్కవట్టి లోపలికి గుంజింది. నేను చెప్పులేసుకొని వచ్చిన. అప్పట్నుంచి అన్నం సయిస్తలేదు. ఇందాక తింటున్న అని రాసింది గూడ అబద్ధమే.

నిన్న గొర్ల మందకాడ పరశురాములును పట్టుకొని చెప్పేసిన. "తప్పు నాదే అన్నా, వెలుగుతయని నేనే అన్న."

ఆయన గొంగడి సరిజేస్కుంట, "ఎర్కే సారు. గా దినమే పిల్ల నాకు చెప్పింది. నలుగురిల అడగకు బాపూ, సారు ఇజ్జత్ పోతది అన్నది" అన్నడు.

"మరి బడికి పంపు. పరీక్షలు దగ్గరవడ్డయ్."

"నేను పొమ్మనే అంటాన. అదే ఇంటలేదు. నన్ను చూస్తె సారు పాఠం చెప్పలేడు బాపూ అంటాంది."

భాగ్యా, ఇయ్యాల నేను బస్సెక్కుతలేను. నలుగురిల ఆడిన అబద్ధం నలుగురిలనే ఒప్పుకోవాలె. బీరమ్మ వాకిట్లకు పోతున్న. నాయిన ఎందుకు రాలేదని చిన్నది అడిగితె, ఉన్నది ఉన్నట్టు చెప్పు.

ఇట్లు,
నీ పెనిమిటి
నవీన్