ఇద్దరు శత్రువులు, ఒక రాగి తీగ

కాలిఫోర్నియా
మార్చి 1957

గౌరవనీయులైన హెండ్రిక్ బౌమా గారికి,

వెర్న్ టాకెట్ నమస్కరించి రాయునది.

ఈ నెల సంగీత పత్రికలో మీ ప్రకటన చూశాను. నా ఎలక్ట్రిక్ గిటారును "తీగలు బిగించిన రొట్టెచెక్క" అన్నారు. మావాళ్ళంతా భగ్గుమన్నారు. నాకు మాత్రం ఆనందమే. ఆ చెక్క ఎలా ఉంటుందో చూద్దామని జనం కొట్లకు ఎగబడుతున్నారు. దయచేసి ఇంకాస్త ఘాటుగా తిట్టండి. వచ్చే నెల నేను మీ గిటార్లను "తాతగారి పెట్టెలు" అంటాను. ఏమీ అనుకోకండి.

అసలు సంగతి ఇది. గిటారు తీగల కదలికను కరెంటుగా మార్చే పికప్‌లకు చుట్టే సన్నటి రాగి తీగ నిండుకుంది. సరఫరా చేసే కంపెనీలో సమ్మె. అది లేకపోతే పికప్ లేదు, పికప్ లేకపోతే నా గిటారు నిజంగానే రొట్టెచెక్క. ఫ్యాక్టరీ మూసుకోవాల్సిందే. మీ గిడ్డంగిలో దండిగా ఉందని విన్నాను. కాస్త సర్దగలరా? మూడో కంటికి తెలియకూడదు.

ఇట్లు, మీ శత్రువు
వెర్న్

తా.క.: మా ప్రకటనలు రాసే డార్లాకు మీరంటే నిజంగానే అసహ్యం. అందుకే జీతం పెంచాను.


మిషిగన్
ఏప్రిల్

చిరంజీవి వెర్న్‌కు,

హెండ్రిక్ దీవించి రాయునది.

రాగి తీగ పంపుతున్నాను. పెట్టె మీద "కుట్టుమిషన్ సామాన్లు" అని రాయించాను. నువ్వు మూసేస్తే నేనెవర్ని తిట్టాలయ్యా?

చిక్కల్లా మా సేల్స్ మేనేజరు ఎల్మర్ ప్రూయిట్‌తోనే. సరుకు తరిగిందని పసిగట్టాడు. "సార్, మన ఫ్యాక్టరీలో టాకెట్ గూఢచారి ఉన్నాడు. వాణ్ణి పట్టుకునేదాకా ఊరుకోను" అని నా బల్ల గుద్ది మరీ చెప్పాడు. "శభాష్" అన్నాను. ఇంకేమనను?

నీ క్షేమం కోరే
హెండ్రిక్

తా.క.: గేటు దగ్గర సోదాలు పెట్టించాడు. నిన్న నీకోసం దాచి తెస్తున్న తీగ చుట్ట నా కోటులోంచే బయటపడింది. మా ఆవిడ అల్లికకని చెప్పాను. కాపలావాడు నావైపు జాలిగా చూసి, "రాగి స్వెటరా సార్?" అన్నాడు.


కాలిఫోర్నియా
మే

హెండ్రిక్ గారికి,

రాగి తీగ అందింది. మిషన్లు తిరుగుతున్నాయి. మీ మేలు మరిచిపోను.

కానీ మీ ఎల్మర్ ఇక్కడ దిగాడు! దొంగగడ్డం అంటించుకుని మా వెనక గోడ ఎక్కుతుంటే డార్లా కాలు పట్టుకుని లాగింది.

"ఎవడ్రా నువ్వు?"

"గడ్డి కోసేవాణ్ణండీ."

"గడ్డి కోసేవాడికి టై ఎందుకురా?"

గొడవ పెద్దదైతే మన గుట్టు రట్టవుతుందని, "పోనీలే, వదిలెయ్యమ్మా" అన్నాను. డార్లా నాకేసి కన్ను గీటి, "అర్థమైంది సార్, మనవాడేనన్నమాట!" అంటూ అతన్ని భోజనానికి తీసుకెళ్ళింది. అతను నేను పెట్టుకున్న గూఢచారి అనుకుంటోంది!

వెర్న్

తా.క.: ఆ భోజనానికి వెళ్ళినవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు.


మిషిగన్
జూన్

వెర్న్‌కు,

కొంప మునిగింది. ఎల్మర్ ఈల వేసుకుంటూ వచ్చి, "సార్, డార్లా మనవైపు తిరిగిపోయింది" అన్నాడు. వాడు నీ మనిషని ఆ పిల్ల, ఆమె నా మనిషైపోయిందని వీడు అనుకున్నారు. ఇద్దరూ మన రహస్యాలన్నీ ఒకరికొకరు ధారపోసుకున్నారు. నీ గిటారు మెడ బిగించే పద్ధతి వీడికి తెలిసింది, నా చెక్కకు వంపు తెచ్చే కిటుకు ఆమెకు తెలిసింది.

అయినా కంగారుపడకు. నేను చూసుకుంటాను. వాడికి అంత తెలివి లేదు.

హెండ్రిక్

తా.క.: మళ్ళీ కాలిఫోర్నియా వెళ్తానంటున్నాడు. ఈసారి గడ్డం లేదు. కొత్త సూటు కుట్టించుకున్నాడు.


కాలిఫోర్నియా
నవంబరు

హెండ్రిక్ గారికి,

ఇన్ని నెలలుగా జవాబు రాయనందుకు తిట్టుకుంటున్నారేమో. మీ ఎల్మర్ రాజీనామా చేసి ఎందుకు వెళ్ళిపోయాడో ఇప్పుడు చెబుతాను.

కొత్త సూటు వేసుకుని ఇక్కడికి వచ్చిన రోజు, డార్లా వెంట మా పికప్‌ల గదిలోకి వెళ్ళి, తీగ చుట్టల మీద మీ కంపెనీ ముద్ర చూశాడు. ఇద్దరూ నన్ను నిలదీశారు. నిజం ఒప్పుకున్నాను. డార్లా బావురుమంది. "ఆ ముసలాయన్ని ఇన్నాళ్ళూ మనస్ఫూర్తిగా ద్వేషించాను సార్! అదంతా వృథాయేనా?" ఎల్మరేమో ఆమెకు తన రుమాలు ఇచ్చాడు. అక్కడికక్కడే ఆమె కూడా ఉద్యోగం మానేసింది.

ఇద్దరూ కలిసి ఒహాయోలో సొంత కంపెనీ పెట్టారు. మీ వంపు, నా మెడ, రెండూ కలిపి గిటారు చేశారు. తెప్పించి వాయించాను. మీదానికన్నా బాగుంది. నాదానికన్నా కూడా బాగుంది. ఒట్టు, నాకు భయం వెయ్యలేదు. చేతులు దురద పెట్టాయి.

రైలెక్కి రండి. దాన్ని నా బల్ల మీద పెట్టి ఒక్కో మర విప్పి చూద్దాం. వచ్చే ఏటికి దాన్ని తలదన్నే గిటారు మనమే చేద్దాం. పైన ఇద్దరి పేర్లూ వేద్దాం, బాహాటంగా.

మీ భాగస్వామి
వెర్న్

తా.క.: వాళ్ళ పెళ్ళికి మనిద్దర్నీ పిలిచారు. మిమ్మల్ని మాత్రం డార్లా తలుపు పక్కన, చలిగాలి కొట్టేచోట కూర్చోబెడుతోంది. అలవాటు ఒక్కసారిగా పోదట.