బిందె పట్టుకున్న మనిషి

2010, ఫిబ్రవరి 3
మొన్నటి వంటావార్పు నిరసన బొమ్మ అయిపోయింది. నడిరోడ్డు మీద మూడు రాళ్ల పొయ్యి, పెద్ద గుండిగ, చుట్టూ జనం. ఎప్పటిలాగే ముందు ముఖాలన్నీ పూర్తిగా వేసి, తర్వాత టర్పెంటైన్ గుడ్డతో తుడిచేశాను. నిలబడ్డ తీరు మాత్రమే మిగిలింది. అంచున బిందెతో ఒకామె — వస్తోందా, పోతోందా... చెప్పను.

ఫిబ్రవరి 4
ఎల్బీనగర్ ఉద్యమ శిబిరం చూసుకునే యాదగిరన్న వచ్చాడు. ఆదివారం అక్కడ కట్టాల్సిన బొమ్మ ఇది. చాలాసేపు చూశాడు.
"జెండ ఏది చెల్లె? గీ బిందె పట్టుకున్నామె ఎవలు? మన మనిషా, ఆంధ్రోళ్ల మనిషా?"
"నీకెట్ల కనవడ్తే అట్లనే అన్నా."
"గట్లంటే నడ్వది. ఆమె చేతుల జెండ పెట్టు. లేకుంటే శిబిరంల కట్టనియ్య."
పెట్టను. తెలంగాణ నాకూ కావాలి. అంతమాత్రాన నా కుంచె ఒకరిని అడిగి కదలాలా?

ఫిబ్రవరి 5
ఒళ్లు మండుతూనే ఉంది. పని సాగలేదు.

ఫిబ్రవరి 6
కింద వాటాలో ఉండే ఓనరమ్మ — గుంటూరు మనిషి — బట్టలు ఆరేయడానికి మేడెక్కి, బొమ్మ ముందు ఆగిపోయింది.
"ఇది నేనే కదమ్మా?"
తప్పు నాదే. ముఖం తుడిచాను కానీ, ఎడమ నడుము మీద బిందె, కుడిచేత్తో కొంగు బిగబట్టిన తీరు వదిలేశాను. వంటావార్పు రోజు దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద వంటకు నీళ్లు చాలకపోతే, ఎవరూ అడక్కుండానే తెచ్చి పోసి వెళ్లింది.
"మావాళ్లు చూస్తే ఊరుకోరు. తీసెయ్యవూ, నీకు పుణ్యముంటుంది."
ఈవిడ తుడిచేయమంటుంది, ఆయన జెండా ఇమ్మంటాడు. ఇద్దరికీ ఒకటే జవాబు. కానీ ఈవిడకు సూటిగా చెప్పలేదు. "ముఖం లేదు కదండీ, ఎవరు గుర్తుపడతారు" అన్నాను, అంతే.

ఫిబ్రవరి 7
బొమ్మ ఆటోలో పట్టలేదు. నెత్తిన పెట్టుకుని కొత్తపేట మీదుగా నడిచాను. అన్న కట్టనివ్వలేదు. సరే — శిబిరానికి ఎదురుగా, డివైడర్ కమ్మీలకు నేనే కట్టాను. శిబిరంలోని ఆడవాళ్లు రోడ్డు దాటి వచ్చారు.
"గామె నేనే. ఆ దినం నీళ్లు నేనే తెచ్చిన."
"నువ్వేడ తెచ్చినవే! గది నేను."
ఒకరు కాదు, నలుగురు. కొట్లాటే! అన్న దూరం నుంచి చూస్తూ నిలబడ్డాడు. విప్పమని మాత్రం అనలేదు.

ఫిబ్రవరి 8
పొద్దున్నే ఓనరమ్మకు చెప్పాను — నలుగురు అది తామేనన్నారండీ, ఇక మీకేం భయం లేదు.
నవ్వుతుందనుకున్నాను. ముఖం చిన్నబోయింది.
"నలుగురా? నీళ్లు తెచ్చింది నేనొక్కదాన్నేగా..."
మెట్లెక్కి వచ్చేశాను.