పెద్దమ్మకో టికెట్టు

అక్కా, ఇక్కడ మేమంతా కులాసా. బావగారి మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

ఈ సెలవుల్లో పిల్లలిద్దరినీ ఆటల పార్కుకు తీసుకెళ్దామనుకుంటున్నాం. నిరుడు బజారులో నీ దగ్గర్నుంచి తప్పిపోయినప్పటి నుంచీ చిన్నది జనాన్ని చూస్తే బిగుసుకుపోతోంది. అందుకని నిన్న ఇంట్లోనే క్యూ ఆట ఆడించాం. పక్కింటివాళ్లను కూడా పిలిచి వరసలో నిలబెట్టాం. మావారు గుమ్మం దగ్గర టికెట్లు ఇచ్చారు. చిన్నది కళ్లు గట్టిగా మూసుకుంది గానీ ఏడవలేదు. తన వంతు రాగానే, "నాకొకటి, పెద్దమ్మకొకటి" అంది.

"పెద్దమ్మ ఏదమ్మా?" అన్నారాయన.

"అమ్మ తిట్టిందిగా, ఇంకెందుకొస్తుంది? పెద్దమ్మ నా చెయ్యి వదల్లేదు. బుడగలు చూసి నేనే లాక్కుని పరిగెత్తా."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజు నిన్ను అందరి ముందూ నానా మాటలూ అన్నాను. తప్పు నాదే అక్కా, మనసులో పెట్టుకోకు. నాలుగు రోజులు ముందుగానే రా. నడవడానికి మెత్తటి చెప్పులు తెచ్చుకో. పెద్దాడికి నీ దగ్గరున్న టోపీ సరిపోతుందా? మీ వంటింటి కుళాయి బాగుచేయించారా?

బావగారికి నమస్కారాలు, నీకు పిల్లల ముద్దులు. వచ్చే తేదీ వెంటనే రాయి. రాయకపోతే నేనే వచ్చి నిన్ను తీసుకొస్తాను.

నీ చెల్లి