ఫోన్లో భజన

శనివారం, రాత్రి

ఇవాళ మా ఆయన నవ్వాడు! ఆస్పత్రిలో పక్క మంచం మీది మనిషి ఈయన కళ్లముందే పోయాడు. కరోనా తగ్గి ఇంటికొచ్చినా మాటే లేదు. గోడవైపు తిరిగి పడుకునేవాడు.

సాయంత్రం మా బొగ్గుబావి కాలనీ భజన వాళ్లంతా ఒకేసారి ఫోన్లో కలిశారు. ఎప్పుడూ పాట ఎత్తి ఇచ్చేది ఈయనే. ఫోన్ మంచం మీద పెట్టి నేనూ గొంతు కలిపాను. ఒకరి పాట ముందు, ఒకరిది వెనక, తాళాలు ఇంకెక్కడో. ధర్మపురి నర్సింహస్వామికే నవ్వొచ్చి ఉంటుంది.

ఈయన దిగ్గున లేచాడు. "ఆగుండ్రి! గిది భజననా, అంగడినా?"

అందరూ ఆగిపోయారు. "అరే, అన్న మాట్లాడిండు!" అని డోలక్ వాయించే రాజయ్య అరిచాడు. ఒకటే నవ్వులు. ఈయనా నవ్వాడు. తర్వాత తనే పాట ఎత్తుకున్నాడు. మధ్యలో దమ్ము చాలక దగ్గు వచ్చింది. గబగబా నీళ్లు అందించాను.

"జర నిమ్మళంగ పాడన్నా, మాకేం తొందర లేదు," అన్నాడు రాజయ్య. పాట అయ్యేదాకా ఎవరూ ఫోన్ పెట్టలేదు.

రోజూలాగే ఈ రాత్రీ ఉలిక్కిపడి లేస్తాడేమో, తెలియదు...

అన్నం తింటూ నా మీద పడ్డాడు. "నువ్వు గూడ తాళం తప్పినవ్!" ఇదివరకు ఆ మాటంటే నాకు ఒళ్లు మండేది. ఇవాళ ఇంకో గరిటె పప్పు వేశాను.