ఊదా రంగుకు రెండు కుండలు

అక్టోబర్ 7
నీలిమందు కుండ కలిపాక దాని దగ్గర కోపాలు, ఏడుపులు పనికిరావు. నోరు జారితే నూలుకు రంగు పట్టదు. మా ఇల్లు ఒకటే గది, కుండ చూరు కిందే ఉంటుంది. ఇక ఎక్కడ మాట్లాడను? అందుకే రాస్తున్నాను.

ఎగిదియుస్ ఫాదర్ పిలిపించారు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్కాలానికి ఊదా రంగు పూజావస్త్రం కావాలట, మన దీవి నూలుతో, మన మగ్గం మీద. ఇప్పుడున్నది పాలియెస్టర్, చెమటకు వీపుకు అంటుకుంటోందట. ఆ కాలం మొదలయ్యే విబూది బుధవారానికి అందకపోతే జావా నుంచి తెప్పిస్తానన్నారు. సరేనన్నాను. గేటు దాటాక గుర్తొచ్చింది. ఊదాకు నీలం ఒక్కటే చాలదు.

అక్టోబర్ 9
నీలం కుండ, ఎరుపు కుండ ఒకే కప్పు కింద ఉండకూడదు. అందుకే అమ్మ నాకు నీలం నేర్పింది, మొదెస్తా అక్కకు ఎరుపు. అక్క కొండమీది ఊళ్లో తొగరు వేళ్లు దంచి రంగు తీస్తుంది. మూడేళ్లుగా మాకు మాటల్లేవు.

అమ్మ పోయినప్పుడు వానకు దారి తెగి అక్క ఆలస్యంగా వచ్చింది. అప్పటికే నా నీలం గుడ్డ కప్పి, శవపెట్టెకు మేకులు కొట్టేశారు. అమ్మకు కప్పాలని నేసి తెచ్చిన ఎర్ర గుడ్డ ఆమె చేతిలోనే ఉండిపోయింది. నీ గుడ్డ ఒక్కటే కప్పుకుని పోయిందిగా, నీ కడుపు చల్లబడిందా, అని అందరి ముందూ నన్ను అడిగింది.

అక్టోబర్ 21
మౌమెరె పట్నం బజారులో పాకెట్ ఎరుపు రంగు కొని, నీలం నూలు అందులో ముంచాను. కార్జం రంగు వచ్చింది. ఇది తొడుక్కుంటే ఫాదర్ పందిని కోసి వచ్చాడనుకుంటారే అని మా ఆయన ఒకటే నవ్వు.

నవంబర్ 2
మృతుల పండుగ. అమ్మ సమాధికి అక్క ఒకవైపు, నేను ఒకవైపు కొవ్వొత్తులు వెలిగించాం. అమ్మా, గుడికి ఊదా కావాలి, నా దగ్గర ఎరుపు లేదు, అని మెల్లగా సమాధితో చెప్పాను. అక్క కూడా సమాధితోనే మాట్లాడింది. అమ్మా, నీ చిన్నదానికి ఇన్నాళ్లకు ఎరుపు గుర్తొచ్చిందట, నాతో చెబితే నోటి ముత్యాలు రాలిపోతాయేమో, నూలు పట్టుకు రమ్మను, అంది.

నవంబర్ 15
నీలం వేసిన నూలు మోసుకుని కొండెక్కాను. వక్కాకు పళ్లెం బయటికి రాలేదు. గడప తొక్కితే పరాయివాళ్లకైనా పెడతారు. అక్క నూలును వెలుగులో పట్టి, ఇది నీలమా, కుండ కడిగిన నీళ్లా, ఇంకా ముంచి తీసుకురా, అని పంపేసింది.

నవంబర్ 16
నిజమే. పలచగానే ఉంది.

జనవరి 11
మళ్లీ ముంచి అక్కకు ఇచ్చొచ్చిన నూలు తెచ్చుకోవడానికి వెళ్లాను. నేరేడు పండు తొక్క రంగు. చేతిలోకి తీసుకోగానే ఒక పరలోక జపం చెప్పుకున్నాను. అక్క వక్కాకు పళ్లెం నా ముందుకు తోసింది. చూస్తావేం, తిను, అంది. నమిలాను.

ఫిబ్రవరి 12
నేత అయింది. లోపలి అస్తరుకు తెల్ల కాటన్ కొని ఉంచాను. ఇవాళ అక్క లారీ దిగి, గడప దగ్గరే మూట విప్పింది. అమ్మ కోసం నేసిన ఎర్ర గుడ్డ. దీన్ని లోపల వెయ్యి, అంది. ఇది అమ్మది కదక్కా అన్నాను. అమ్మ లేచొచ్చి కట్టుకుంటుందా, అంది.

తల పట్టే చోట కత్తిరించాలి. కత్తెర తీసి మళ్లీ పెట్టేశాను. నాకు చేతులు రాలేదు. అక్కే కత్తిరించింది. అలా బొమ్మలా కూర్చోకు, కుట్టు, అని కసిరింది.

ఫిబ్రవరి 18
విబూది బుధవారం. ఫాదర్ తొడుక్కున్నారు. అందరికీ ఊదా మాత్రమే కనిపించింది. అక్క నా పక్కనే మోకరించింది. పూజ అయ్యాక ఫాదర్, బరువుగా ఉందమ్మా, రెండు దుప్పట్లు కప్పుకున్నట్టుంది, అని నవ్వారు. నేనూ నవ్వాను. లోపల ఏముందో చెప్పలేదు.

ఫిబ్రవరి 19
నిన్న సాయంత్రం అక్క నీలం కుండ పక్కనే కూర్చుని అమ్మ కోసం ఏడ్చింది. వద్దనలేదు. పొద్దున ఒక నూలుపోగు ముంచి చూశాను. రంగు పట్టింది.

ఈ కాగితాలు ఎవరికైనా దొరికితే, నా నూలు పెట్టెలోనే ఉండనివ్వండి. ఎవరికీ చూపించకండి, ఫాదర్‌కు కూడా.