ఐదుగురి భాష

జూన్ 2

ఈ కంప్యూటర్ భాషలో మళ్ళీ అదే ఎర్రర్. రెండు ముక్కలు చెప్పి మూతి ముడుచుకుంటుంది. నెట్‌లో వెతికితే ఒకే ఒక్క ఫలితం. నాలాంటి అభాగ్యులు ఇంకొకరున్నారని ఆశగా తెరిచాను. పోయిన నెల నేనే అడిగిన ప్రశ్న. కింద జవాబు లేదు.

ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. పట్టపగలు దిండులో తల దూర్చి పడుకున్నాను.

జూన్ 4

ఉద్యోగం పోయి అక్క ఇంటికి వచ్చిన దగ్గర్నుంచీ బావ ఒక్కసారి కూడా 'ఎన్నాళ్ళు' అనలేదు. ఎగతాళి మాత్రం మానడు. ఈ రోజు అన్నం తింటూ — "ఒసే శైలూ, ఆ కంప్యూటర్ బాస ఎంతమందికి వస్తాదే?" గట్టిగా వాడేది అయిదుగురం అన్నాను. "మన ఈదిలో ఒడియా మాటాడేవోలే అంతకన్నా ఎక్కువమందున్నారు కదే."

అక్క నవ్వాపుకుంటూ చారు పోసింది. నాకూ నవ్వొచ్చింది, ఏం చేస్తాం.

ఆయనకేం తెలుసు. వైజాగ్ ఆఫీసులో ఒక్క మాట ముందు చెప్పకుండా పొమ్మన్నారు. ఈ భాష అలా కాదు — ఎక్కడ తప్పు వస్తుందో ప్రోగ్రాం నడవకముందే చెప్పేస్తుంది. అందుకే పట్టుకున్నాను. వదలబుద్ధి కావడం లేదు.

జూన్ 8, ఆదివారం

ఈ భాష వాడే మా గుంపు సమావేశం, వీడియోలో. వచ్చింది ముగ్గురం. హెన్రిక్ ఉన్నాడు — ఈ భాషలో అక్షరాలు చదివే లైబ్రరీ, అంటే మేమంతా వాడుకునే కోడ్, రాసిన పెద్దాయన. ఎక్కడో చలిదేశం, జూన్‌లో కూడా స్వెట్టరు. తెలుగు ముక్క రాదు గానీ, 'శ్రీ' అని కొడితే అక్షరం ఎందుకు తెగిపోతోందో నాతో కూర్చుని ఓపిగ్గా వెతుకుతున్నాడు.

ఈ భాషలో పని చేయించుకుని జీతమిచ్చే కంపెనీ ఒక్కటే, ఆయనదే. నా గురించి అక్కడ చెప్తానన్నాడు. ఇంట్లో కూర్చునే చేయొచ్చట.

ఆశ పెట్టుకోకూడదు. పెట్టుకున్నాను.

జూన్ 9

కరెంటు లేదు. ఉక్క. ఏమీ చేయలేదు.

జూన్ 11

వైజాగ్ నుంచి ఫోన్ — వేరే కంపెనీ. టెస్టింగ్ పని, మళ్ళీ పాత గానుగే. వచ్చే శుక్రవారంలోగా ఏదో ఒక మాట చెప్పమంది ఆ అమ్మాయి. అక్క ముఖం వెలిగిపోయింది. చూస్తానన్నాను. వంటింట్లో గిన్నెల చప్పుడు పెరిగింది.

జూన్ 12

రామతీర్థం వెళ్ళొద్దామంది అక్క. మెట్లెక్కే ఓపిక లేదన్నాను. కింద గుడికి మెట్లెందుకంది. అయినా వెళ్ళలేదు. హెన్రిక్ వాళ్ళ కంపెనీలో అడిగాడో లేదో...

జూన్ 14

తెగలేదు.

గజపతినగరంలో బావ మొబైల్ షాపు, అక్కడి బిల్లు ప్రింటరు, దానికి నేను ఈ భాషలో రాసిపెట్టిన ప్రోగ్రాం. ఇన్నాళ్ళూ శ్రీను అని కొడితే తల ఒకచోట, తోక ఒకచోట పడేవి. ఈ భాష చేసినవాళ్ళకి మన ఒత్తులు, గుణింతాలు ఎప్పుడూ ఎదురుపడలేదు మరి. నేను చేసిన మార్పుని హెన్రిక్ నిన్న తన లైబ్రరీలో కలిపాడు. ఈ రోజు వెళ్ళి కొట్టి చూశాం. పేరు నిండుగా వచ్చింది.

బావ కాగితం కళ్ళ దగ్గర పెట్టుకుని చూశాడు. ఇంకోటి కొట్టమన్నాడు. కూర్మారావు. కృష్ణవేణి. స్వాతంత్ర్యం అనే ఆవిడ ఉందట ఎవరో, ఆవిడ పేరూ. చివరికి ధృతరాష్ట్రుడు. ఒక్కటీ తెగలేదు. కాగితం చుట్ట అయిపోయింది, ఆయన సంబరం అయిపోలేదు. చాలా రోజుల తర్వాత నాకు సంతోషంగా ఉంది.

జూన్ 17

హెన్రిక్ మెయిలు. వాళ్ళ కంపెనీ ఈ భాషని వదిలేస్తోంది. అందరూ వాడేదానికే మారిపోతున్నారు. నా ఉద్యోగం మాట ఇక లేనట్టే. ఆయనా ఆపేస్తున్నాడు — కళ్ళు సహకరించడం లేదట. లైబ్రరీని ఇకమీదట నన్ను చూసుకోమంటున్నాడు. పైసా రాదని ఆయనే రాశాడు.

కానీ నన్ను అడిగాడు. అంతటివాడు, నన్ను. మళ్ళీ మళ్ళీ చదువుకున్నాను. గర్వంగా ఉంది. ఒళ్ళు మాత్రం రోకలితో దంచినట్టుంది.

జూన్ 18

అక్కకి చెప్పాను. చేపముక్కలకి ఉప్పూ పసుపూ పట్టిస్తూ వింది. ఈ భాష గురించి తను ఎప్పుడూ ఏమీ అడగదు. అంతా విని చెయ్యి కడుక్కుంది.

"నిన్నడిగినాడంటే, అక్కడింకెవులూ లేరనే కదే."

ఒళ్ళు మండింది. లేచి గదిలోకి వచ్చేశాను. కాసేపటికి... నిజమేనేమో. హెన్రిక్‌నే అడిగేశాను — నాకంటే ముందు ఎవరెవరిని అడిగారు?

జూన్ 19

జవాబు వచ్చింది. దాచలేదు ఆయన. ఉన్నవాళ్ళనీ, మానేసినవాళ్ళనీ అందరినీ అడిగాడట. అందరూ కాదన్నారట. "నిన్ను చివరికి అడిగాను. నీకు జీతమొచ్చే పని కావాలని తెలుసు. అడక్కుండా ఉండాలనే చూశాను."

కింద, ఎప్పట్లాగే, నా కోడ్‌లో ఒక తప్పు చూపించాడు.

ఏడ్చాను. ఆయన మీద జాలో, నా మీదో తెలియలేదు.

జూన్ 20, శుక్రవారం

వైజాగ్ అమ్మాయికి ఫోన్ చేసి వస్తానన్నాను. సోమవారం చేరాలి. అక్క నా బట్టలు తీసి ఇస్త్రీకి పంపింది.

హెన్రిక్‌కి ఇంకా రాయలేదు. రాద్దామని కూర్చుని 'క్షమించండి' దగ్గర ఆగిపోయాను. పొద్దంతా ఆ టెస్టింగ్ చేసొచ్చి, మళ్ళీ సాయంత్రం దీని ముందు... లేదు. నాలో అంత ఓపిక నిజంగా లేదు.

బావ జిలేబీ పొట్లంతో వచ్చాడు. మంచి పని చేశానన్నాడు. చెప్పులు విప్పుతూ అడిగాడు, ఎగతాళికి కాదు —

"మరి ఆ బిల్లు మళ్ళీ పాడైతే ఎవులు సూస్తారే?"

ఎవరో ఒకరు ఉంటార్లే బావా అనబోయాను. ఆ ఎవరో ఒకరి కోసమే హెన్రిక్ అందరినీ అడిగాడు. కాళ్ళు కడుక్కురా, అన్నం పెడతానన్నాను.